మనిషిని చంపిన పులిని ఏం చేయాలె? సీదా జవాబు కావాలె

కందిచేను
ముందే చెప్తున్న, నాకు పులి మీద పగ లేదు. పత్తి మీద అప్పు ఉన్నది, గంతే.

మాది ఆసిఫాబాద్ జిల్లా, ప్రాణహిత ఇవతల. 2020 నవంబర్ల మా దిక్కు పులి ఇద్దరిని చంపింది, ఒకే నెలల. 2024 నవంబర్ల కాగజ్‌నగర్ దగ్గర ఇంకొకామె పోయింది, చేన్ల పత్తి ఏరుకుంట. మూడు చావులూ నవంబర్లే. నవంబర్ అంటే మాకు పత్తి ఏరే నెల.

మొన్న పొద్దుగాల మా చేను గట్టు పొంటి అడుగులు కనవడ్డయి. గంటల ఊరంతా ఎరుకైంది. పన్నెండు మంది కూలీలు వస్తమన్నోళ్లు ఒక్కరు రాలే. పత్తి పగిలి చెట్టు మీదనే ఉన్నది, మొగులు చూస్తే గుబులైతున్నది.

మా చిన్నాయిన కొడుకు హైదరాబాద్‌ల ఉంటడు. ఫ్యామిలీ గ్రూపుల ఈ ముచ్చట పెడితే "అన్నా, మనమే దాని ఇంట్లకు పోయినం" అని పులి బొమ్మ పెట్టిండు. ఆయన ఇంట్లకు ఏ పులీ రాదు, పదకొండో అంతస్తు.

నా ప్రశ్న ఒక్కటే. మనిషి మనిషిని చంపితే జైలు, ఉరి. పులి చంపితే దానికి పేరు పెట్టి, నంబర్ ఇచ్చి, ఫొటో దిగుతరు. ఎందుకు చంపొద్దు?

సగంటీ
పదకొండో అంతస్తు 😂 ఆ తమ్ముణ్ని ఈ థ్రెడ్‌లోకి లాగండి ఎవరైనా.

హరిణి_92
తమ్ముడు చెప్పిన తీరు బాలేదు గానీ, మాటలో తప్పేం లేదండీ. అడవి తగ్గింది, రోడ్లు పడ్డాయి, పులి ఎక్కడికి పోవాలి? 2006లో దేశం మొత్తం మీద 1,411 పులులే మిగిలాయన్నారు. ఎంతో కష్టపడితే 2022 లెక్కకి 3 వేలు దాటాయి. ఒక్కో చావుకి ఒక్కో పులిని కాల్చుకుంటూ పోతే ఆ కష్టమంతా ఏమవుతుంది?

కందిచేను
అక్కా, నాది పట్టా భూమి. మా తాత పేరు మీద పాసుబుక్కు ఉన్నది. పులి పేరు మీద ఉంటే చూపెట్టుమను, ఖాళీ చేస్త.

పులులు పెరిగినయంటే సంతోషమే. పెరిగినయి యాడికి పోతయి? మహారాష్ట్రల తడోబా పులుల అడవి ఉన్నది, అండ్ల జాగ చాలక నది దాటి మా మీదికి వస్తున్నయి. లెక్క పెరిగిందని చప్పట్లు కొట్టేది మీరు, ఆ పెరిగినదానితోని ఉండేది మేము.

మొండికత్తి
👏 కందిచేను అన్నా. ఈ ఒక్క మాట చాలు, థ్రెడ్ క్లోజ్ చేసేయొచ్చు.

లాపాయింట్_సూరి
క్లోజ్ చేసేముందు చట్టం ఏమంటుందో చెప్తా. ప్రతిసారీ ఎవడో ఒకడు "మన దేశంలో పులిని చంపే రూలే లేదు" అంటాడు. ఉంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 11వ సెక్షన్. మనుషుల ప్రాణానికి ప్రమాదంగా మారిన జంతువును వేటాడటానికి అనుమతి ఇవ్వొచ్చు. పులి, చిరుత లాంటి మొదటి షెడ్యూల్ జంతువులైతే ఆ అధికారం రాష్ట్రంలో ఒక్కడికే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి. కారణాలు కాగితం మీద రాయాలి. పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం కుదరదని ఆయనకి నమ్మకం కుదిరాకే చంపమని ఆర్డర్ ఇవ్వాలి.

అదే సెక్షన్లో ఇంకో ముక్క ఉంది. మీ ప్రాణం గానీ పక్కవాడి ప్రాణం గానీ కాపాడుకోవడానికి నిజంగా తప్పక చంపితే నేరం కాదు. కాకపోతే చచ్చిన జంతువు సర్కారు ఆస్తి. అంటే బతికున్నంతకాలం మీ చేలో తిరుగుతుంది, చస్తే సర్కారుది 🙂

మామూలుగా చంపితే మాత్రం 2022 సవరణ తర్వాత కూడా మూడు నుంచి ఏడేళ్లు జైలు, 25 వేలకి తగ్గకుండా జరిమానా.

సగంటీ
"బతికున్నంతకాలం మీ చేలో, చస్తే సర్కారుది". సూరి గారు లా చదివి పాడైపోయారు, సినిమాలకి డైలాగులు రాసుకోవాల్సింది.

బీటు_రిటైర్డ్
చంపాలా వద్దా తర్వాత. కందిచేను గారూ, ముందు ఆ అడుగుల సంగతి చెప్పండి. ఎవరైనా ఫొటో తీశారా? పక్కన ఏదైనా కొలతకి పెట్టారా? వేళ్ల ముందు గోళ్ల గుర్తులు పడ్డాయా?

ముప్పై ఒక్క ఏళ్లు అటవీ శాఖలో బీటు ఉద్యోగం చేశాను. అడుగు చూడకుండా మాట్లాడను.

డేటా_దయ్యం
ఒక ఉదాహరణ చెప్తా, పులిది కాదు. పశ్చిమ ఆస్ట్రేలియా. మూడేళ్లలో ఏడుగురు షార్కుల వల్ల చనిపోయారు. జనం గోల పెట్టారు. ప్రభుత్వం 2014 జనవరిలో బీచ్‌ల దగ్గర సముద్రంలో ఎర కట్టిన పెద్ద కొక్కేలు వేసింది, మూడు మీటర్లు దాటిన షార్క్ పడితే కాల్చేయమని. ఏప్రిల్ ఆఖరుకి లెక్క చూస్తే 172 పడ్డాయి, 68 చంపారు. మనుషుల్ని చంపింది గ్రేట్ వైట్ అన్న జాతి అని వాళ్ల అనుమానం. పడ్డ 172లో గ్రేట్ వైట్ ఎన్నో తెలుసా? సున్నా. దాదాపు అన్నీ టైగర్ షార్కులు. ఆ ఏడాది సెప్టెంబర్లో వాళ్ల పర్యావరణ సంస్థే ఇది ఇక వద్దంది.

హవాయిలో ఇంకా పెద్ద ఎత్తున చేశారు. 1959 నుంచి 1976 దాకా 4,668 షార్కుల్ని చంపారు. దాడులు తగ్గినట్టు చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు.

చంపితే జనం కోపం తగ్గుతుంది, ప్రమాదం తగ్గదు. అదే నా పాయింటు.

మొండికత్తి
షార్కుకీ పులికీ ముడిపెడతావేంటి గురూ. సముద్రంలో ఏ షార్క్ కరిచిందో ఎవడికి తెలుసు? పులి అలా కాదు. దానికో ఇలాకా ఉంటుంది, ఒళ్లంతా చారలుంటాయి, మనిషి వేలిముద్రల్లాగా ఏ రెండు పులుల చారలూ ఒకటి కాదు. అది ఫలానాదని తేల్చొచ్చు.

1907లో చంపావత్ ఆడపులి. 436 మంది చావులు దాని లెక్కలో రాశారు, నేపాల్లో, కుమావూన్‌లో కలిపి. వేటగాడు జిమ్ కార్బెట్ కాల్చాడు. ఆ పులి చావులు అక్కడితో ఆగిపోయాయి. ఇందులో నీ హవాయి లాజిక్ ఎక్కడ పని చేసింది?

డేటా_దయ్యం
ఒప్పుకుంటున్నా. ఫలానా జంతువే అని తేలి, దాన్నే తీసేస్తే ఆగుతుంది. నా గొడవ "ఫలానాదే" అన్న చోట.

చంపావత్ కథలో మిగతా సగం కూడా చెప్పు. దాని కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి, పైది సగానికి, కిందిది ఎముకదాకా. అంతకుముందెప్పుడో ఎవరో కాల్చిన దెబ్బ. మామూలు వేట ఆడలేక మనుషుల మీద పడింది. అంటే తయారుచేసింది కూడా తుపాకే.

మొండికత్తి
సరే, తుపాకీ తయారుచేసింది, తుపాకీ తీసేసింది. లెక్క సరిపోయింది కదా 😏

నల్లమల_గాలి
మాది శ్రీశైలం అడవి అంచు. దేశంలో అన్నిటికన్నా పెద్ద పులుల అభయారణ్యం మాదే, నాగార్జునసాగర్ శ్రీశైలం. పులుల గురించి మా ఊళ్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. చిరుత గురించే భయమంతా. పులి మనిషి వాసన తగిలితే పక్కకి పోతాది. చిరుత అట్టా కాదు, ఊళ్లో కుక్క కోసం వచ్చి అరుగు కింద పడుకుంటాది.

2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో ఆరేళ్ల పాపని చిరుత లాక్కుపోయింది గుర్తుందా. ఆ తర్వాత వరసగా బోన్లు పెట్టి చిరుతల్ని పట్టినారు. నడిచేవాళ్లకి కర్రలు పంచినారు. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటినాక మెట్లు ఎక్కనీలేదు. జనం అందరూ కర్రని చూసి నవ్వినారు. నేను నవ్వలా. చేతిలో కర్ర ఉన్నోడు ఒంటరిగా ముందుకి పోడు, గుంపులో నడుస్తాడు, శబ్దం చేసుకుంటా పోతాడు. కర్ర కొట్టడానికి కాదు.

సగంటీ
నేను నవ్విన బ్యాచ్. తప్పైపోయింది, కర్ర వెనక్కి ఇచ్చేస్తా.

హరిణి_92
అసలు ఎందుకు పట్టి దూరంగా వదిలేయకూడదు? చంపకుండా, ఊరికి ఇబ్బంది లేకుండా. అందరికీ మంచిది కదా.

డేటా_దయ్యం
అందరూ ముందు అలాగే అనుకుంటారు హరిణి గారూ, నేనూ అనుకున్నా. మహారాష్ట్రలో జున్నర్ దగ్గర చెరుకు తోటల్లో చిరుతలుంటాయి, అక్కడే పిల్లల్ని పెడతాయి. 2001 నుంచి వాటిని పట్టుకుని దూరంగా అడవుల్లో వదలడం మొదలుపెట్టారు. అంతకుముందు మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4. తర్వాత 17. దాడిలో చనిపోయే వాళ్ల పాలు కూడా రెట్టింపైంది. విద్యా ఆత్రేయ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పరిశీలన ఇది.

ఊరు తెలియని చోట దించితే ఏం చేస్తుంది? నీళ్లెక్కడో తెలీదు, ఏ దారిన మనుషులు వస్తారో తెలీదు. ఇంటికి తిరిగి పోదామని నడుస్తుంది. ఇక్కడ ఖాళీ అయిన ఇలాకాలోకి ఇంకోటి వస్తుంది, కుర్రది, అనుభవం లేనిది.

బీటు_రిటైర్డ్
ఈయన చెప్పింది నిజం. పాతది ఉన్నంతకాలం కొత్తవాటిని రానివ్వదు. ఏ ఇంట్లో కుక్క అరుస్తుంది, ఏ గట్టు మీద నుంచి మనుషులు వస్తారు, దానికి అన్నీ తెలుసు. దాన్ని తీసేసి ఊరికి మంచి చేశామనుకుంటాం. మూడు నెలలకి రెండు కొత్తవి వచ్చి కొట్టుకుంటుంటాయి.

కందిచేను గారూ, అడుగులు?

కందిచేను
సార్, మా బావ ఫోన్ల ఉన్నది, సాయంత్రం పెడ్త. అగ్గిపెట్టె పక్కన పెట్టి తీసినం.

ఈలోపట ఒక ముచ్చట చెప్పాలె. నిన్న రాత్రి ముగ్గురు వచ్చిండ్రు ఇంటికి. మోటార్ కాడికెళ్లి తీగ ఇయ్యమన్నరు. గట్టు పొంటి గుంజలు పాతి కరెంటు తీగ గుంజుతరట. "పందులకు పెట్టినమంటం" అన్నరు. నేను ఆలోచిస్త అని పంపిన. రాత్రంత నిద్ర లేదు.

మొండికత్తి
అన్నా ఇది పబ్లిక్ వేదిక. ఇక్కడ ఇలాంటివి రాయకు.

లాపాయింట్_సూరి
రాసి మంచి పని చేశారు, ఇవ్వకుండా ఉంటే ఇంకా మంచి పని. పైన చెప్పిన ఆత్మరక్షణ ముక్క దీనికి వర్తించదు. ఎదురుపడ్డప్పుడు కొట్టడం వేరు, రాత్రి తీగ కట్టి ఇంటికెళ్లి పడుకోవడం వేరు. కనెక్షన్ మీ పేరు మీద ఉంటే కేసులో మొదటి పేరు మీదే.

నల్లమల_గాలి
కేసు సంగతి పక్కనపెట్టు. ఆ తీగకి పులి తగలకముందు మనిషి తగులుతాడు. మా పక్క ఊళ్లో పందుల తీగ తగిలి తెల్లారుజామున నీళ్లు కట్టబోయినోడు పోయినాడు. తీగ పెట్టింది వాళ్ల మేనమామే.

కందిచేను
ఎరుకే అన్నా. గందుకే ఆలోచిస్త అన్న.

కానీ వాళ్ల బాధ కూడ చెప్తున్న. బోను పెట్టుమని ఫారెస్టోళ్లను అడిగినం, పైనుంచి ఆర్డర్ రావాలె అన్నరు. కెమెరా పెట్టుమన్నం, ఉన్నయి వేరే కాడ పెట్టినం అన్నరు. మీటింగ్ పెట్టి "గుంపులుగా పోండ్రి" అన్నరు. గుంపు యాడికెళ్లి తేవాలె? కూలీలు రాకనే కదా ఈ లొల్లి.

అగుడు చేసుడు కాదు గానీ, 2024 జనవరిల కాగజ్‌నగర్ అడవుల రెండు పులులు సచ్చినయి. పులి కొట్టిన పశువు మీద ఎవరో విషం చల్లిండ్రు అన్నరు. అది తప్పే. కానీ ఎవరూ ఇనకపోతే జనం గట్లనే చేస్తరు. ఆర్డర్ కాగితం రావాలంటే నెల, పురుగుల మందు డబ్బా దొరకాలంటే అర్ధగంట.

హరిణి_92
చివరి లైను చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మొదటి పోస్టులో "అడవి తగ్గింది" అని ఏదో క్లాసు పీకినట్టు రాశాను, సారీ అండీ.

అయినా ఒకటి అడుగుతా. ఆవుని కొడితే పరిహారం ఇస్తారు కదా?

కందిచేను
ఇస్తరు. పోయిన యేడు మా మేనత్త ఆవును కొట్టింది. పంచనామాకు వచ్చేదాక కళేబరం కదపొద్దన్నరు. రెండు రోజులు ఆ వాసనకు ఇంట్ల బువ్వ తినలే. పశువుల డాక్టర్ సంతకం, ఫొటో, బ్యాంకు పుస్తకం. పైసలు వచ్చినయి, కాదనను. ఎనిమిది నెలలకు. ఆవు పోయిన తెల్లారే పాలు బందు.

మనిషి పోతే పది లక్షలంటున్నరు ఇప్పుడు. ఇంట్ల పని చేసే ఆడామె పోతే పది లక్షలు ఏం చేస్తయో లెక్క మీరే కట్టుండ్రి.

అవనికి_అభిమాని
అందరూ మర్చిపోయినట్టున్నారు, టీ-1 గురించి ఎవరూ ఎత్తలేదు, అదే అవని అని పిలిచిన ఆడపులి. పాండర్‌కవడ, యవత్మాల్ జిల్లా. కందిచేను అన్న వాళ్ల పాత ఆదిలాబాద్ జిల్లాకి పెన్‌గంగ అవతలే. అక్కడా పత్తి చేన్లే. 13 మంది చావులు దాని మీద రాశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2018 సెప్టెంబర్లో కోర్టు జోక్యం చేసుకోనంది. నవంబర్ 2 రాత్రి కాల్చేశారు. పదినెలల పిల్లలు రెండు ఉన్నాయి. మత్తిచ్చే ప్రయత్నం నిజంగా చేశారా లేదా అని ఇప్పటికీ గొడవే.

సగంటీ
దాన్ని రప్పించడానికి సెంటు కొట్టారు కదా అడవిలో? కాల్విన్ క్లైన్ వాళ్ల అబ్సెషన్. నిజం, పేపర్లో వచ్చింది. నాకేమో పెళ్లికి కూడా ఎవడూ సెంటు కొనివ్వలేదు.

మొండికత్తి
అభిమానీ, 13 మంది పేర్లు ఒక్కటైనా గుర్తున్నాయా నీకు? పులి పేరు గుర్తుంది, పిల్లల వయసు గుర్తుంది, తేదీ గుర్తుంది. ఆ చేన్లలో పోయిన వాళ్లకి కొవ్వొత్తులు ఎవరు పట్టారు?

అవనికి_అభిమాని
నా హ్యాండిల్ పెట్టింది ఆరేళ్ల కింద. అప్పుడు కాలేజీ. నిజం చెప్పాలంటే ఒక్క పేరూ తెలీదు.

బీటు_రిటైర్డ్
మత్తిచ్చి పట్టడమంటే సినిమాలో చూపించినట్టు డిషుం అని కాదు. నేను చూసింది చెప్తాను, ఊరు పేరు వద్దు.

చిరుత ఒకటి రాత్రి కుక్క వెంటపడి దిగుడుబావిలో పడింది. నేను వెళ్లేసరికి తెల్లవారు ఆరున్నర. బావి చుట్టూ రెండు వేల మంది ఉంటారు. గోడల మీద, చెట్ల మీద, ట్రాక్టర్ ట్రాలీల మీద. ఫోన్లు పైకెత్తి. లోపల అది ఒక రాయి అంచు పట్టుకుని ఈదుతోంది, కూత లేదు, ఎగశ్వాస మాత్రమే. ముందు నులకమంచం నాలుగు కోళ్లకీ తాళ్లు కట్టి దింపాం. పది నిమిషాలు దాన్ని అనుమానంగా చూసింది, తర్వాత ఎక్కి కూర్చుంది. డాక్టరు మత్తు సూది కొట్టడానికి దారి లేదు. కొడితే నీళ్లలో జారిపడి మునుగుతుంది. పైకి లాగి కొడదామంటే చుట్టూ జనం. మందు పడ్డాక కూడా పడిపోవడానికి నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాల్లో అది ఎవరి మీదకైనా దూకొచ్చు. మోతాదు దాని బరువును బట్టి. బరువు చూపు మీద అంచనా. ఎక్కువైతే లేవదు, తక్కువైతే మనం లేవం.

ఎస్సై గారు లాఠీలు వేసి జనాన్ని వెనక్కి పంపడానికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. అప్పుడు బోను తలుపు తెరిచి మంచం పక్కనే దింపాం, అదే నడుచుకుంటూ లోపలికి వెళ్లింది. మందు అక్కర్లేకపోయింది. మేం చేసిన అసలు పని జనాన్ని జరపడం.

ఇది చిరుత. పులైతే, అందులోనూ మనిషిని చంపినదైతే, ఆ రెండు వేల మంది చేతుల్లో ఫోన్లు కాదు, గొడ్డళ్లు ఉంటాయి.

సగంటీ
"ఎక్కువైతే లేవదు, తక్కువైతే మనం లేవం" 🙏

చుక్కపొడుపు
మూడు పేజీలు చదివాను, ఒక్కరూ అడగలేదు. మనిషిని చంపిన ప్రతి పులీ మనుషుల్ని తినే పులేనా? పత్తి ఏరేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు ఆడవాళ్లు వంగో, గొంతుకూర్చునో ఉంటారు. వెనక నుంచి చూస్తే మనిషి ఆకారం కాదు, నాలుగు కాళ్ల జంతువులాగే ఉంటుంది. మీద పడ్డాక మనిషని తెలిసి వదిలి వెళ్లినవీ ఉంటాయి కదా. పిల్లలున్న తల్లి మీదకి తెలియక వెళ్లిపోయినా కొడుతుంది. ఒకటి పొరపాటు, ఒకటి భయం, ఒకటి అలవాటు. మూడింటికీ ఒకే శిక్షా?

మొండికత్తి
పోయినామెకి మూడూ ఒకటేగా.

చుక్కపొడుపు
పోయినామెకి ఒకటే. రేపు అదే చేలోకి వెళ్లే ఆమెకి కాదు. అలవాటైనదైతే రేపు మళ్లీ వస్తుంది, దాన్ని తీసేయాల్సిందే, నేను జాలి చూపించను. పొరపాటుదైతే అది ఈపాటికి నది దాటి ఉంటుంది, మీరు కాల్చేది ఇంకోదాన్ని.

బీటు_రిటైర్డ్
చుక్కపొడుపు గారు సరిగ్గా చెప్పారు. శవం తిన్నదా లేదా, తిరిగి అక్కడికే వచ్చిందా, రెండో మనిషి మీదకి ఎన్నాళ్లకి వెళ్లింది, గాయం మీద ఉమ్ము, వెంట్రుకల పరీక్షలో ఏ జంతువని వచ్చింది. ఇవి చూసి తేల్చాలి. తేలాక ఆలస్యం చేయకూడదు. నా సర్వీసులో నాకు బాధ అనిపించింది రెండు చోట్ల. తేలకుండా తొందరపడ్డప్పుడు, తేలాక నాన్చినప్పుడు. రెండోది ఎక్కువసార్లు జరిగింది.

లాపాయింట్_సూరి
నాన్చితే ఏమవుతుందో, తొందరగా చేసినా ఏమవుతుందో. 2025 జనవరి, వయనాడ్. ఒకామె చనిపోయింది, ప్రభుత్వం రెండు మూడు రోజుల్లోనే కాల్చమని ఆర్డర్ ఇచ్చింది. వీళ్లు వెతుకుతుంటే అదే చచ్చి కనబడింది. మెడ మీద ఇంకో పులితో కొట్లాడిన గాయాలు.

సగంటీ
అంటే అవతలి పులి ఆర్డర్ లేకుండానే పని కానిచ్చేసింది. దాని మీద ఏ సెక్షన్ సూరి గారూ?

లాపాయింట్_సూరి
అది అడవిలో సివిల్ తగాదా. నా పరిధి కాదు.

కందిచేను
ఫొటో పెట్టిన. పైన అగ్గిపెట్టె, కింద అడుగు. ఒక్కటి కాదు, ఎనిమిది అడుగులు వరసగా ఉన్నయి గట్టు తడి మీద.

[ఫొటో]

బీటు_రిటైర్డ్
కందిచేను గారూ, ఈ ఫొటో మీ ఊరి వాళ్లందరికీ చూపించండి, ఈ రాత్రికే.

వేళ్ల ముందు చుక్కల్లాగా పడ్డవి గోళ్లు. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, గుర్తు పడదు. అడుగు వెడల్పు అగ్గిపెట్టె పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉందేమో. ఎదిగిన పులిదైతే రెండున్నరకి పైనే ఉండాలి. ఇంకోటి చూడండి, ముందుకాలి అడుగు పెద్దది, వెనకకాలిది బాగా చిన్నది. నాకు తెలిసి ఇది దుమ్ములగొండి. చచ్చిన పశువుల కోసం తిరుగుతుంది. మీ మేనత్త గారి ఆవు లాంటివి ఎక్కడైనా పారేశారా ఈ మధ్య?

కందిచేను
వాగు ఒడ్డుకు ఒక దూడ సచ్చింది పోయిన వారం. గుంజుకపోయి అక్కడనే పారేసిండ్రు.

మొండికత్తి
అయ్యబాబోయ్. దుమ్ములగొండి కోసం కరెంటు తీగ కట్టబోయారా?

డేటా_దయ్యం
172లో గ్రేట్ వైట్లు సున్నా 🙂

కందిచేను
నవ్వుండ్రి, నవ్వుండ్రి. కానీ దయ్యం అన్నా, మొన్న పొద్దుగాల ఆ అడుగు చూసినప్పుడు నా చేతులు వణికినయి. అది దుమ్ములగొండి అని నాకెట్ల ఎరుక? మా ఊర్ల చెప్పేటోడు ఎవడున్నడు? మా బీటుకు మూడు ఊర్ల అడవికి ఒక్కడే మనిషి. మీటింగుకు వచ్చిన సార్లు గట్టుదాక రానేలే.

డేటా_దయ్యం
నవ్వింది తప్పే. నేను ఏసీ గదిలో కూర్చుని అంకెలు చెప్తున్నా, మీరు గట్టు మీద నిలబడి అడుగు చూశారు.

హరిణి_92
మాస్కుల సంగతి ఏమైంది? 2024లో ఆ సంఘటన తర్వాత కాగజ్‌నగర్ వైపు తల వెనక పెట్టుకునే మొహం మాస్కులు పంచారని, పది నుంచి నాలుగు లోపే చేన్లలో పని చేసుకోమన్నారని చదివాను. సుందర్బన్స్‌లో 1980ల నుంచీ అలా చేస్తున్నారట, పులి వెనక నుంచి వస్తుంది కాబట్టి, మొహం కనిపిస్తే తనని చూస్తున్నారనుకుని ఆగుతుందని.

నల్లమల_గాలి
పులికి నాలుగు రోజుల్లో తెలిసిపోదా అది బొమ్మని?

బీటు_రిటైర్డ్
తెలియొచ్చు. అయినా పెట్టుకోమంటాను. మాస్కు పెట్టుకున్న మనిషికి వెనక్కి తిరిగి చూసుకోవాలన్న సంగతి గుర్తుంటుంది.

నిర్వాహకుడు
రెండు పోస్టులు తీసేశాను. ఒకటి విషం ఎక్కడ దొరుకుతుందో రాసినది, ఇంకోటి పోయిన వారి కులం గురించి రాసినది. మళ్లీ రాస్తే ఖాతా పోతుంది. మిగతావాళ్లు కొనసాగించండి.

చుక్కపొడుపు
పట్టుకుని జూలో పెట్టడం గురించి ఎవరూ మాట్లాడలేదు. పది పదిహేనేళ్లు సిమెంటు గదిలో. చంపడం కంటే అది దయ అని నాకు అనిపించదు. మన మనసు కోసం చేసేది అది.

అవనికి_అభిమాని
నాకు అనిపిస్తుంది. బతికి ఉండటం బతికి ఉండటమే.

చుక్కపొడుపు
ఎప్పుడైనా జూలో అడవి నుంచి తెచ్చిన చిరుత బోను ముందు గంటసేపు నిలబడు. అదే నాలుగడుగులు, అదే మలుపు, అదే నాలుగడుగులు. నేల మీద దారి పడి ఉంటుంది.

కందిచేను
ఆరు రోజులైంది ఇక్కడికి రాక. అందరికీ ఒకటే సారి చెప్త.

రిటైర్డ్ సార్ చెప్పినట్టే ఫొటో ఊర్ల చూపెట్టిన. సగం మంది నమ్మిండ్రు. మిగిలినోళ్లు "నీకు పోరం సార్లు చెప్పిండ్రా" అని నవ్విండ్రు. దూడ కళేబరం గుంత తీసి పూడ్చినం. గట్టు మీద మళ్ల అడుగులు పడలే.

కానీ మొన్న బేస్తారం బీటాయన కెమెరా పట్టుకొని వచ్చిండు, వాగు అవతల మోదుగు చెట్టుకు కట్టిండు. నిన్న కార్డు తీసి చూస్తే ఉన్నది. నిజం పులి. ఆడది, ఎనక ఒక పిల్ల. రాత్రి రెండు గంటల ఇరవై నిమిషాలకు నీళ్లు తాగి, అటే పోయింది. చారలు పాతవాటితోని కలుపుతున్నరట, ఇంకా తేలలే. అంటే మేము భయపడ్డది దాన్ని చూసి కాదు, కానీ అది ఉన్నది మాత్రం నిజం. రెండు ఫర్లాంగులు ఉంటదేమో మా చేనుకు.

హరిణి_92
అమ్మో. కూలీలు?

కందిచేను
పన్నెండుల తొమ్మిది మంది వచ్చిండ్రు. పదింటికి మొదలు, నాలుగింటికి బందు. ఇద్దరు మొగోళ్లు గట్టు మీద డబ్బా కొట్టుకుంట నిలబడ్డరు. మాస్కులు అందరికి చాలలే, ఐదే ఉన్నయి. మా అమ్మ ఒకటి పెట్టుకున్నది. ఎనక సాలుల ఏరేటి పోరి "పెద్దమ్మా, నీ ముందటి మొహం కంటె గీ మొహమే నవ్వుతున్నది" అన్నది. మా అమ్మ తిట్టిన తిట్టుకు పులి ఉన్నా పోయేది.

మొండికత్తి
అన్నా, పిల్లతో ఉందంటున్నావ్. రేపు అది ఎవర్నైనా కొడితే? అప్పుడూ నీ ప్రశ్న అదేనా?

కందిచేను
అప్పుడు మళ్ల గిక్కడనే వచ్చి అడుగుత. చంపుమనే అంటనేమో. నా ఇంటోళ్లను కొడితే తప్పకుంట అంట.

తీగ అడిగినోళ్లు రాత్రి మళ్ల వచ్చిండ్రు, కెమెరా ఫొటో చూసి. నేను మోటార్ డబ్బా కాడికి పోయి ఫీజులు మూడూ పీకి తెచ్చి ఇంట్ల బియ్యం గుమ్మిల పెట్టిన. మా అమ్మ చూసి ఏందిరా అన్నది. పొద్దున నీళ్లు పెట్టేది ఉంటే నన్ను లేపు అన్న.